వంటగదిలోనే ఉన్నానత్తయ్యా

ఆఫీసులో ఆమెను వంతులక్క అంటారు. ఆ పేరు పెట్టిందెవరో తెలియదు కానీ అతికినట్టు సరిపోయింది. ఊళ్లో ఫైబర్ కనెక్షన్ ఉన్న ఇళ్లలో ఎవరికెంత వెళ్లాలో, ఎవరి ఇంట్లో ఇంటర్నెట్ పెట్టె ఎప్పుడు మాట్లాడాలో అంతా ఆమె తెర మీదనుంచే నడుస్తుంది. వీధి మొత్తానికి, అన్నిటినీ వెలుగుగా మార్చి మోసే వెంట్రుకంత గాజు తీగ ఒకటే పోతుంది. మలుపులో గోడకు బిగించిన డబ్బాలో అది ముప్పై రెండు కొమ్మలుగా చీలి ఇంటింటికీ వెళ్తుంది. ఇక్కణ్ణుంచి పంపిందంతా అన్ని ఇళ్ల పెట్టెలకూ చేరుతుంది. ఏ పెట్టెకా పెట్టె తన పేరున్నది మాత్రం తీసుకుని, మిగతాది తనది కాదని ఊరుకుంటుంది. అంత బుద్ధి మనుషులకుంటే కుళాయిల దగ్గర కొట్లాటలే ఉండవు. తిరుగు దారి మాత్రం అచ్చం కుళాయి దగ్గర వరసే. తన వంతు రాకుండా ఏ పెట్టే అటునుంచి వెలుగు పంపకూడదు.

ఊరందరి వంతులూ చూసే మనిషికి, ఇంట్లో అత్తగారిని చూసేవాళ్లు లేరు. భర్త లారీ డ్రైవరు, సొంత ఇంటికి చుట్టపుచూపుగా వస్తుంటాడు. అత్తగారికి మతిమరుపు ముదిరింది. కోడలు కనబడకపోతే చాలు, వెతుక్కుంటూ వీధిన పడుతుంది. ఓసారి బస్టాండులో దొరికింది, కాళ్లకు చెప్పుల్లేకుండా. వంతులక్క ఆ మర్నాడే హాల్లో గుమ్మం పైన కెమెరా బిగించింది. అలమరలో ఇంటర్నెట్ పెట్టె పక్కన చిన్న స్పీకరు పెట్టింది. అత్తగారు కుర్చీలోంచి లేచి దిక్కులు చూడగానే, ఆఫీసులో ఫోను నోటి దగ్గర పెట్టుకుని మెల్లగా అనేది.

"వంటగదిలోనే ఉన్నానత్తయ్యా. కూర్చోండి, వస్తున్నా."

ముసలామె ముఖం విప్పారేది. కూర్చునేది. కాసేపటికి ఆ మాటా మర్చిపోయి మళ్లీ లేచేది. ఈమె మళ్లీ అనేది. రోజంతా ఇదే పాట. అబద్ధమే, కాదనడానికి లేదు. కానీ ఉద్యోగం మానితే గడవదు, మానకపోతే అత్తగారు దక్కదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పెద్దావిడను ఒంటరిగా వదిలేసి వస్తోందంటే నలుగురూ నాలుగు మాటలంటారని, ఇంట్లో పిన్ని తోడుందని ఆఫీసులో చెప్పుకుంది. ఆ పిన్ని పోయి చాలా ఏళ్లయింది.

ఆ రోజు పొద్దుటినుంచీ ముసురు. మధ్యాహ్నం ఫోన్లోకి తొంగి చూస్తే అత్తగారు లేచి నిలబడి ఉంది. చేతిలో శాలువా. మాట్లాడదామని ఫోను ఎత్తేలోపు ఇన్‌ఛార్జి వచ్చి పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఫిర్యాదులు ఎందుకు పెరుగుతున్నాయంటూ మొదలుపెట్టిన మనిషి ఎంతకీ ముగించడు. ఫోనును బోర్లా తిప్పి, ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చుంది. ఆయన మాటల మధ్యలోనే తెర మీద ఒక వీధి ఇళ్లకు గుర్తుగా ఉన్న పచ్చ చుక్కలన్నీ ఎర్రబడ్డాయి. ఆ వీధి ఆమెదే.

ఫోను తిప్పి చూసింది. బొమ్మ లేదు. "అత్తయ్యా" అంది, ఇన్‌ఛార్జి విన్నా సరే అని. మాట పోలేదు. శాలువా ఎందుకు తీసింది? బయట వాన. చలికి కప్పుకుని బయల్దేరడానికి కాకపోతే మరెందుకు?

ఎదురింటి టైలరమ్మకు ఫోను చేస్తే, పళ్ల డాక్టరు దగ్గర ఉన్నానని సగం నోటితో చెప్పింది. అంతలో ఆఫీసు ఫోన్లు మోగడం మొదలుపెట్టాయి. అన్నిటికంటే ముందు ఆసుపత్రి నర్సు. అదే వీధిలో రిటైరైన బస్సు డ్రైవరు ఒకాయన ఇంట్లోనే ఆక్సిజన్ మీద ఉన్నాడు. ఆయన వేలికి తగిలించిన పరికరం చెప్పే అంకెలు ఆసుపత్రికి చేరడం లేదట. భార్యకు కళ్లు సరిగా ఆనవు, అంకెలు చదివి చెప్పలేకపోతోంది, త్వరగా చూడండి అంది నర్సు.

తీగ తెగలేదని తెర చూస్తే తెలుస్తోంది. ఏదో ఒక ఇంటి పెట్టె చెడి, తన వంతు కాకపోయినా ఆపకుండా వెలుగు పంపుతోంది. ఒక్కడు గుక్క తిప్పుకోకుండా అరుస్తుంటే మిగతా ముప్పై ఒక్కరి మాటా వినబడనట్టే. ఇక్కణ్ణుంచి నోరు మూయిద్దామంటే, బాగున్న పెట్టె వింటుంది గాని చెడిందెందుకు వింటుంది? మార్గం ఒకటే. వీధి డబ్బా దగ్గర ఒక్కొక్క ఇంటి తీగా తీసి చూడాలి. ఏది తీస్తే మిగతావి బతుకుతాయో దొంగ అదే.

లైన్‌మన్ ఆ దగ్గర్లోనే ఉన్నాడు. పొడుగు చూసి అందరూ నిచ్చెన అంటారు. గొడుగు మెడకూ భుజానికీ మధ్య ఇరికించి, డబ్బా తెరిచి, ఇయర్‌ఫోను చెవిలో పెట్టుకున్నాడు. వంతులక్క ఇంటి గుర్తు చెప్తుంది, అతను తీగ లాగుతాడు, ఇద్దరూ ఆగుతారు, తెర ఎర్రగానే ఉంటుంది, అతను తీగ మళ్లీ పెడతాడు. మేడ ఇల్లు, కాదు. టైలరమ్మ, కాదు. డ్రైవరు ఇల్లు, కాదు. ప్రతి ఇంటి దగ్గరా ఆమె ప్రాణం ఇదే అయితే బాగుండునని కొట్టుకుంటోంది. ఇంకో పక్క కళ్ల ముందు వాన, శాలువా, బస్టాండు.

తన ఇంటి వరస వచ్చినప్పుడు గుర్తు చెప్పలేదు. దాటేసింది. కావాలని అనుకోలేదు, నోరు రాలేదంతే. ఏ క్షణంలోనైనా లైను రావచ్చు, వచ్చిన ఆ క్షణంలోనే అత్తగారు కనబడాలి. తన తీగ తీసేస్తే ఎట్లా కనబడుతుంది? తానెక్కడున్నా ఆమెను పిలవడానికి ఆ ఒక్క దారే కదా.

అన్నీ అయిపోయాయి. తెర ఎర్రగానే ఉంది.

వెనక నిలబడ్డ ఇన్‌ఛార్జి, అయితే డబ్బాయే పాడయిందని తేల్చేశాడు. మొత్తం మార్చాలి, సాయంత్రమవుతుంది అన్నాడు. నర్సు మళ్లీ ఫోను చేసింది. ఈసారి గొంతులో మర్యాద తగ్గింది. వంతులక్కకు డ్రైవరు భార్య గుర్తొచ్చింది, అంకెల మీదకు వంగి కళ్లు చికిలిస్తూ. ఆ ఇంట్లోనూ ఉన్నది ఒక పెద్దావిడే.

"నిచ్చెనా, ఒకటి మిగిలింది," అంది. "కింద వరసలో చివరిది. అది మా ఇల్లు. తీసెయ్యి."

"దాన్నెందుకక్కా ఆఖరికి ఉంచావు?"

"ఇంట్లో మా అత్తగారు ఒక్కతే ఉంది. పిన్నీ లేదు, ఎవరూ లేరు. నా గొంతు వినబడకపోతే బయటికెళ్లిపోతుంది. తీసెయ్యి."

అతను తీగ లాగేశాడు. తర్వాత తెర మీద చుక్కలు ఒక్కొక్కటే పచ్చబడ్డాయి, ఒక్కటి తప్ప. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. అంకెలు వస్తున్నాయని, ఆయన బాగానే ఉన్నాడని నర్సు చెప్పింది. ఇన్‌ఛార్జి ఏదో అడగబోయి, ఆమె ముఖం చూసి, ముందు ఇంటికెళ్లమన్నాడు.

ఆటోలో ఉండగా నిచ్చెన ఫోను. డబ్బా మూసి నేరుగా వాళ్లింటికే వెళ్లాడట.

"తలుపు వేసుందక్కా. ఎంత కొట్టినా ఎవరూ పలకట్లేదు. చుట్టుపక్కల వీధుల్లో చూసొస్తా."

అది లోపల్నుంచి తిప్పితే తెరుచుకునే తాళం. బయటికెళ్లి లాగినా దానంతటదే పడుతుంది. వేసి ఉన్నంత మాత్రాన మనిషి లోపలుందని నమ్మకం లేదు. వంతులక్క బస్టాండు వైపు పోనిమ్మందామా అనుకుంది, ఇంటికే అంది, మళ్లీ బస్టాండంది. ఆటో అతను విసుక్కోకుండా ఏదో ఒకటి చెప్పమ్మా అన్నాడు. ఇంటికే పోనిమ్మంది. దిగి పరుగెత్తేసరికి ఒళ్లంతా తడిసిపోయింది. తాళంచెవి ఒకపట్టాన దూరలేదు.

హాల్లో కుర్చీ ఖాళీ.

అలమర ముందు, నేల మీద, అత్తగారు కూర్చుని ఉంది. అలమర కింది అరలో ఇంటర్నెట్ పెట్టెకూ స్పీకరుకూ కలిపి శాలువా కప్పి ఉంది. ఊరికే కప్పడం కాదు, చంటిపిల్లకు చుట్టినట్టు అంచులన్నీ కిందికి దోపి. దాని మీద చెయ్యి వేసి మెల్లగా జోకొడుతోంది. అలికిడికి తల తిప్పి, పెదవుల మీద వేలు పెట్టుకుంది.

"మెల్లగా. ఇందాకట్నుంచి ఎవరో తలుపు బాదుతున్నారు, మా కోడలు లేస్తుంది."

వంతులక్క చప్పుడు కాకుండా తలుపు మూసింది.

"పొద్దుటినుంచీ నాతో ఒకటే కబుర్లు," అంది అత్తగారు. "ముసురు పట్టింది కదా, పిల్లకు చలేస్తుందని కప్పాను. అప్పట్నుంచి పలకడం లేదు. పడుకున్నట్టుంది." తర్వాత ఎగాదిగా చూసి అడిగింది. "నువ్వెవరమ్మా?"

వంతులక్క వంగి శాలువా మీద చెయ్యి పెట్టింది. పొయ్యి మీంచి దించిన గిన్నెలా కాలుతోంది. గాలాడక లోపల పెట్టె ఉడికిపోయి, వీధి వీధంతటి నోరూ నొక్కేసిందన్నమాట. ప్లగ్గు తీసేసింది. నేనేనత్తయ్యా, మీ కోడల్ని అనబోయింది. బతికుందన్న సంతోషం ఒక పక్క, ఎదురుగా ఉన్నా తనను పోల్చుకోలేదన్న దుఃఖం ఒక పక్క, రెండూ కలిసి ఏడుపే వచ్చింది.

"ఎంతసేపు పడుకుంటుందో," అంది ముసలామె. "పిలిస్తే పలికే పిల్ల. ఏమైందో ఏమో."

పక్కనున్న కుర్చీ చెయ్యి పట్టుకుని లేవబోతోంది. కళ్లు అప్పుడే వీధి తలుపు వైపు వెళ్లాయి. వంతులక్క గబగబా వంటగదిలోకి నడిచింది. గోడకు వీపు ఆనించి, గొంతు సవరించుకుంది.

"వంటగదిలోనే ఉన్నానత్తయ్యా. కూర్చోండి, వస్తున్నా."

హాల్లో కుర్చీ కిర్రుమంది.

"అమ్మయ్య, లేచావా," అంది అత్తగారు. "తొందరేం లేదులే. ఎవరో అమ్మాయి వచ్చింది, పాపం వానకు ముద్దయిపోయింది. వచ్చేటప్పుడు ఆ పిల్లకో తువ్వాలు పట్రా."