ఆఖరి పిల్ల

రెండో పిల్ల కూడా రేణుకమ్మ అరచేతిలోనే చచ్చిపోయింది. బోధన్ అంగట్లో కొన్న లవ్‌బర్డ్స్ జంటకు ఇవే మొదటి పిల్లలు. గూటికుండలో ఇంకొక్కటే మిగిలింది. అదీ నోరు తెరిచి ఎగపోస్తోంది.

"తల్లిపిట్టే తొక్కి సంపుతుంది. దాన్ని బయటికి తియ్యి," అన్నాడు ఆమె భర్త రాజలింగు.

"తీస్తే దీనికి మేత ఎవలు వెడ్తరు? నువ్వు వెడ్తవా?"

రేణుకమ్మ మిగిలిన పిల్లను కుండలోంచి తీసి కొంగులో చుట్టుకుంది. చచ్చిన పిల్ల ఒంటిమీద గాయం లేదు. మెత్తగా ఉంటుందని తను పొగాకు నింపి బీడీలు చుట్టే చాటలోంచి తెచ్చి కుండలో పరిచిన తునికాకు ముక్కలను పిడికెడు తీసి వాసన చూసింది. తుమ్ముమీద తుమ్ము వచ్చింది. కుండను బోర్లించి కొడితే గోధుమరంగు దుమ్ము లేచింది.

"తల్లి గాదయ్యా," అంది. "నా తంబాకు!"