చేతులమ్మ

దారం కొసను నాలుకతో తడిపి, వేళ్ళ మధ్య సన్నగా నులిమి, కిటికీ వెలుగుకి ఎదురుగా పట్టుకున్న సూది బెజ్జంలోకి ఎక్కించింది. ఎక్కిన సూదిని గుడ్డదిండుకి గుచ్చి మరొకటి అందుకుంది. తెల్లదారం సూదులు ఒక వరస, నల్లదారం సూదులు ఒక వరస. భర్త దర్జీ. కుట్టు ఇప్పటికీ ఆయన చేతిలో వంకర పోదుగాని, కళ్ళకి మసక కమ్మినప్పటినుంచి బెజ్జం మాత్రం లొంగడం లేదు. అందుకే ఆమె రోజూ పనికి వెళ్ళేముందు ఆ పూటకి సరిపడా సూదులు సిద్ధంచేసి వెళ్తుంది.

చివరి సూదికి ముదురెరుపు దారం ఎక్కించి తన పనికోటు కాలరుకి గుచ్చుకుంది.

దారపుండల డబ్బా మూత చప్పుడు విని ఆయన తలెత్తాడు. "ఇంకా ఏం వెతుకుతున్నావే?"

"ఎర్రదారం. మూడో కంప్యూటరు ముసుగు అంచు ఊడింది."

"నేను కుట్టింది ఊడటమా!"

"నువ్వు కుట్టిందే. పిల్లలు లాగితే నీ కుట్టేంటి, గోడలే ఊడొస్తాయి."

ఆ మాటకి ఆయన కొంచెం శాంతించాడు. ఆమె టీ గ్లాసుని ఆయన చేతికి తగిలేట్టు జరిపింది.

"మీటింగు ఇవాళేనా?"

"మధ్యాహ్నం."

"అందులో నీకేం పని?"

"కుర్చీలు వేయాలి. అయ్యాక తీయాలి."

ఆయన టీ ఊదుకుంటూ నవ్వాడు. "నాకు అంతుపట్టనిది ఒకటే. కంప్యూటర్ని లోపల కూడా తుడిచొచ్చానని చెప్పుకున్న మనిషివి. నువ్వుండగా ఆ మురికి ఎలా దూరిందే?"

"దూరే మురికి నన్నడిగి దూరుతుందా!" అని సంచీ భుజాన వేసుకుని బయటపడింది.

పొట్టి మనిషి. నడుము దగ్గర కాస్త ముందుకు వంగి, ఏదో కింద పడిందేమో చూస్తున్నట్టు నడుస్తుంది. అరచేతులు సబ్బునీళ్ళకి తెల్లబారి, వేళ్ళ కొసలు ఎప్పుడూ కొంచెం ముడుచుకునే ఉంటాయి. ఆ బడిలో చిన్నపిల్లల తరగతికి ఆయాగా చేరింది. ముక్కులు తుడిచింది, నిక్కర్లు మార్చింది, ఏడ్చేవాళ్ళని చంకనేసుకుని వరండా అంతా తిప్పింది. మోకాళ్ళు వంగడం మానేశాక, నేలమీద కూర్చోనక్కర్లేని పని అని కంప్యూటర్ల గది అప్పజెప్పారు.

ఆ గదికి ఆమె పెట్టిన నియమం ఒక్కటే. ఎవరు లోపలికి రావాలన్నా గుమ్మంలో ఆగి రెండు చేతులూ ముందుకు చాచాలి. తిప్పి చూస్తుంది, ఒక్కోసారి వాసన కూడా చూస్తుంది. "జామపండు తిన్నావు. పో, కడుక్కునిరా." అందుకే పిల్లలు ఆమెకి చేతులమ్మ అని పేరు పెట్టారు. వెనకనుంచి పెట్టిన పేరే, కానీ ఆమెకి తెలుసు. కోపం లేదు. ఆయాగా ఉన్నప్పటి పేరు ఇంతకన్నా ఘోరంగా ఉండేది.

తలుపు తీసి కిటికీలు తెరిచింది. గదిలో రెండు వరసల కంప్యూటర్లు, ఒక్కోదానికి ఒక్కో ముదురెరుపు ముసుగు. బడి నాటకాల తెర చిరిగిపోయి మూల పడేస్తే ఇంటికి మోసుకెళ్ళింది. భర్త కంప్యూటర్ల కొలతలకి ముసుగులు కుట్టి, అడక్కపోయినా కింద చిన్న కుచ్చులు కూడా పెట్టాడు. "ఆడపిల్లల గౌన్లలా ఉన్నాయి" అని పెద్ద మేడమ్ నవ్వితే, "చలేస్తుందేమో వాటికి" అంది ఈమె.

ముసుగులు ఒక్కొక్కటే తీసి మడిచింది. మెత్తని గుడ్డతో తెరలు తుడిచింది. మీటల సందుల్లో పాత టూత్‌బ్రష్ తిప్పింది. ఏ మీట ఇరుక్కుంటుందో, ఏ తెర లేవడానికి మొరాయిస్తుందో ఆమెకి తెలుసు. తెర వెనక ఏం జరుగుతుందన్నది మాత్రం ఆమెకి పొరుగింటి సంసారంతో సమానం. వినబడుతుంది, అర్థం కాదు.

మూడో కంప్యూటరు దగ్గరికొచ్చేసరికి చెయ్యి కాస్త నెమ్మదించింది.

కిందటి వారం కొత్త మాస్టారు దానిమీదే పిల్లలకి నదుల బొమ్మలు చూపిస్తున్నాడు. నది పక్కన చిన్న పెట్టె ఒకటి తెరుచుకుంది. అందులో పెద్దవాళ్ళు కూడా నలుగురిలో చూడలేని బొమ్మ. ఆయన కంగారుగా దాన్ని మూశాడు. మూసిన చోట రెండు లేచాయి. ఆ రెండూ మూస్తే తెరంతా నిండిపోయింది. కొందరు పిల్లలు పకపకా నవ్వారు, ముందు వరసలో ఒక అమ్మాయి మొహం కప్పుకుని ఏడ్చింది. మాస్టారు తెరకి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు. సన్నటి మనిషి, ఆయన వెనక ఎంత దాగుతుంది? వరండాలోంచి ఈమె పరుగెత్తుకొచ్చి ముసుగు తెచ్చి కప్పేసింది. కప్పాక కూడా ఆ ఎర్రగుడ్డ కింద వెలుగు మారుతూనే ఉంది. మాస్టారే వంగి గోడ దగ్గర తీగ పీకాడు.

సాయంత్రానికి కబురు ప్రతి ఇంటికీ చేరింది. రాత్రికి ఆ కబురుకి కాళ్ళొచ్చాయి, చేతులొచ్చాయి. మాస్టారు ఒంటరిగా ఉన్నప్పుడు అవే చూస్తాడట, కంప్యూటరు గుర్తుపెట్టుకుని బయటపెట్టిందట. మీటింగు అయ్యేదాకా తరగతికి రావద్దన్నారు ఆయన్ని.

మెకానిక్ వచ్చేసరికి ఆమె ఊడిన అంచు పట్టుకుని కుడుతోంది. గుమ్మంలో ఆగి, నవ్వుతూ రెండు చేతులూ చాచాడు.

"గ్రీజుంది పెద్దమ్మా. క్షమించెయ్యి."

"నీకు తప్పదులే. రా."

మూడో కంప్యూటరు ముందు కూర్చుని చాలాసేపు ఏదో తవ్వాడు. తర్వాత కుర్చీ వెనక్కి తోసి బుగ్గ గోక్కున్నాడు.

"దొరికింది. లోపల వేగు ఒకటి చేరింది. ఎవరేం నొక్కుతున్నారో చూసి ఎక్కడికో మోస్తుంది. ఆ బొమ్మల్ని తెచ్చి పోసేదీ అదే."

"మాస్టారు తెచ్చారా?"

"ఎవరు తెచ్చారో ఎలా తెలుస్తుంది? ఈ ముసలి కంప్యూటరుకి తేదీలే గుర్తుండవు, లోపల బ్యాటరీ చచ్చింది. ఒకటి మాత్రం చెప్పగలను. ఇది తలుపు తోసుకుని రాదు, అడిగి వస్తుంది. ఎర్రపెట్టె ఒకటి వస్తుంది. మీ కంప్యూటర్లో మురికి చేరింది, శుభ్రం చేయమంటారా అంటుంది. పాపం ఎవరో చేయమన్నారు."

ఆమె చేతిలో సూది గుడ్డలోనే ఆగిపోయింది.

సెలవుల్లో ఒకరోజు. గదిలో తనొక్కతే. దుమ్ము దులుపుతుంటే మోచెయ్యి తగిలి ఈ తెర లేచింది. ఎర్రపెట్టె, దానిమీద మిణుకుమంటున్న అక్షరాలు. మిగతావి కూడబలుక్కోలేకపోయింది గాని, కింద మీటలో ఉన్న మాట ఆమెకి బాగా తెలిసిందే. నేల తుడిచే మందు సీసామీద పెద్దక్షరాలతో అదే ఉంటుంది. శుభ్రం. శుభ్రం చేయనా అని ఎవరైనా అడిగితే వద్దనే మనిషి కాదు ఆమె. నొక్కింది. ఆకుపచ్చ గీత ఒకటి మెల్లగా నిండి, చివర టిక్కు పడింది. గది సర్దుకుని ఇంటికెళ్ళి, ఇవాళ కంప్యూటర్ని లోపల కూడా తుడిచానని గర్వంగా చెప్పుకుంది.

"నొక్కిన రోజునే బొమ్మలు రావా?" అంది.

"వచ్చిన రోజే గోల చేస్తే దొంగెందుకవుతుంది? చుట్టంలా కొన్నాళ్ళు మర్యాదగా కూర్చుని, తర్వాత తనవాళ్ళందర్నీ పిలుచుకుంటుంది."

"నొక్కింది నేనే, బాబూ."

మెకానిక్ తిరిగి చూశాడు. ఆమె మొహం చూసి, లేచి తలుపు దగ్గరగా వేశాడు.

"పెద్దమ్మా, విను. ఒక్క నొక్కుతోనే ఇదంతా రాదు. వీటికి కాపలాకి వేరే ప్రోగ్రాం ఉంటుంది. దాని గడువు ఎప్పుడో దాటింది. మార్చమని ఆఫీసులో రెండుసార్లు మొత్తుకున్నాను. కాపలావాణ్ణి నిద్రపుచ్చినవాళ్ళు వేరే ఉంటే, తలుపు తీసినదానివి నువ్వే దొంగవా? నేనేం అననులే. ఎలా వచ్చిందో తెలియదంటాను."

"అప్పుడు మాస్టారి సంగతి?"

అతను తీగలు చుట్టసాగాడు.

మాస్టారే వచ్చాడు, కాసేపటికి. బీరువామీద ఉండిపోయిన పటాలు తీసుకోవడానికి. గుమ్మంలో ఆగి చేతులు చాచాడు. చేరిన రోజునుంచీ అంతే. "పిల్లలకో రూలూ నాకో రూలా అమ్మా" అనేవాడు. ఇవాళ అలవాటుకొద్దీ చాచి, గుర్తొచ్చినట్టు కిందికి దించుకున్నాడు.

"లోపలికి రండి బాబూ. మీకు అడ్డేంటి?"

"ఇంక రానవసరం ఉండదేమో." పటాలు చుట్టి దారంతో కట్టుకుంటున్నాడు. ముడి సరిగా పడటం లేదు. "మా అమ్మకి ఇంకా చెప్పలేదు. ఏమని చెప్పాలి? దొంగతనం చేశానంటేనే నయం, నమ్మదు. ఇది విన్నాక మాత్రం ఏ బళ్ళోనూ నన్ను గుమ్మం ఎక్కనివ్వరు."

ఆమె అతని చేతిలోంచి దారం తీసుకుని ముడివేసి ఇచ్చింది. చెప్పాలని నోరు తెరిచింది గాని, ముందు చెప్పాల్సింది ఇతనికి కాదనిపించింది.

పెద్ద మేడమ్ గదిలో ఫ్యాను కిరకిరలాడుతోంది. ఆమె చెప్పిందంతా మేడమ్ కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుని వింది. చెడ్డ మనిషి కాదు, అలిసిన మనిషి.

"ఇప్పుడీ మాట ఎందుకు? నువ్వు పని మానే వయసు దగ్గరికొచ్చింది. గౌరవంగా దండేసి పంపుదామనుకుంటున్నాను."

"దండకి నా మెడ ఎక్కడికీ పోదు మేడమ్. ఆ అబ్బాయికి ముందు బోలెడు బతుకుంది."

"వాళ్ళు కోపంగా ఉన్నారు. ఎవరో ఒకరు కావాలి వాళ్ళకి."

"నేనున్నాగా."

మేడమ్ మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుని బల్లమీది కాగితాలు సర్దింది. సర్దినవే మళ్ళీ సర్దింది.

మధ్యాహ్నం ఆ కంప్యూటర్ల గదిలోనే మీటింగు. ఈమె వేసిన కుర్చీల్లో తల్లిదండ్రులు కూర్చున్నారు. మాస్టారు గోడవారగా నిలబడ్డాడు. అందరికన్నా గట్టిగా మాట్లాడుతున్నది మీసాలాయన ఒకడు. అతని కొడుకు ఏడో తరగతి. ఆ మీసాలు రాకముందు, చిన్నపిల్లల తరగతిలో, అతని నిక్కరు రోజుకి రెండుసార్లు ఈమె మార్చేది.

"బాధ్యత ఎవరిదో తేలాలి. పిల్లల్ని బడికి పంపుతున్నామా, ఇంకెక్కడికైనా పంపుతున్నామా?"

"తేలింది బాబూ" అంటూ ఈమె తలుపు దగ్గర్నుంచి ముందుకొచ్చింది. ఏం చేయాలో తోచక, పిల్లలచేత రోజూ చేయించినట్టే రెండు చేతులూ ముందుకు చాచింది. "ఈ వేలితో నేనే నొక్కాను. మాస్టారు అప్పటికి చేరనేలేదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఎర్రపెట్టె గురించి, నేల తుడిచే సీసా గురించి, ఆకుపచ్చ గీత గురించి ఆమె చెప్తుంటే ఆ నవ్వు ఆగిపోయింది. మెకానిక్ లేచి, ఆమె చెప్పిన పెట్టే తనకి లోపల దొరికిందన్నాడు. ఎవరో నేర్పి చెప్పించినా ఆమె ఇన్ని వివరాలు చెప్పగలిగేది కాదన్నాడు.

"చదువురాని మనిషి చేతికి కంప్యూటర్లు ఎవరిచ్చారు?" అన్నాడు మీసాలాయన. ఈసారి గొంతు తగ్గింది. ఆమె వైపు చూడకుండా అన్నాడు.

"కాపలా ప్రోగ్రాం ఉంటే ఆవిడ నొక్కినా దిగేది కాదు" అన్నాడు మెకానిక్. "మార్చమని ఆఫీసుకి చెప్పాను."

"ఆఫీసంటే ఎవరు?"

పెద్ద మేడమ్ లేచి నిలబడింది.

"నేనే. తర్వాత చూద్దామన్నాను. తర్వాత చూడలేదు."

కుర్చీలు కదిలాయి, గుసగుసలు లేచాయి, తీర్పు లాంటిది ఒకటి తయారైంది. మేడమ్‌కి మందలింపు. మాస్టారికి తన తరగతి. గదికి తాళం, చదువుకున్న మనిషిని పెట్టేదాకా. ఈమెని ఎవరూ పొమ్మనలేదు. "రేపట్నుంచి విశ్రాంతి తీసుకోండి" అన్నారు, చాలా మర్యాదగా.

అందరూ వెళ్ళాక కుర్చీలు తీసి గోడకి పేర్చింది. మెకానిక్ మూడో కంప్యూటర్ని బాగుచేయడానికి మోసుకుపోయాడు. మిగతావాటికి ముసుగులు తొడిగి, కుచ్చులు చేత్తో సవరించింది. మాస్టారు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మీరు చెప్పకపోయినా ఎవరికీ తెలిసేది కాదమ్మా."

"నాకు తెలిసిపోయిందిగా బాబూ. రేపు పిల్లలొస్తే..." ఆగింది. గదికి తాళం పడుతుందని గుర్తొచ్చింది. "ఎప్పుడు తెరిచినా సరే, చేతులు చూడకుండా వదలకండి. జామపండు తిన్నవాళ్ళని అస్సలు నమ్మకండి."

అతను నవ్వబోయి, నవ్వలేక, రెండు చేతులూ చాచాడు. ఆమె వాటిని తిప్పి చూసింది. ఒక వేలికి సుద్ద అంటుకుని ఉంటే కోటు అంచుతో తుడిచింది. తర్వాత ఆ కోటు విప్పి మేకుకి తగిలించి, సంచీ తీసుకుని పక్క గేటు నుంచి వెళ్ళిపోయింది.

ఇంట్లో భర్త గుడ్డదిండు తడుముతూ కూర్చున్నాడు. వాడిన సూదులన్నీ వాటి వరసల్లో తిరిగి గుచ్చేశాడు.

"ఎర్రదారంది ఏదే?"

"అక్కడే ఉండిపోయింది."

"రేపు తెచ్చుకో."

"రేపు నీకు కుట్టంతా అయ్యేదాకా పక్కనే కూర్చుని ఎక్కించి పెడతాను" అంది ఆమె. ఆయన చెయ్యి దిండుమీద ఆగింది. జరిగి, బల్లమీద ఆమెకి చోటిచ్చాడు.

తాళం పడిన గదిలో, మూడో కంప్యూటరు ఉండే చోట ఖాళీ బల్లమీద, ముదురెరుపు ముసుగు మడతపెట్టి ఉంది. సగం దాకా కుట్టిన అంచులో సూది గుచ్చే ఉంది, బెజ్జంలోంచి ఇంకా జానెడు దారం వేలాడుతూ.