వెనక రెండు బాక్సులు

ఆదివారం మధ్యాహ్నం అన్నాలు తిన్నాక రవిబాబు పాట పెడతాడు. పాట అయ్యాక అతని అత్తగారు అప్పలనరసమ్మ చీపురు తీసుకుని ముందుగది ఊడుస్తుంది. గచ్చు మీద ఎర్రమట్టి అడుగులు పడి ఉంటాయి మరి. ఎవరింట్లో పాట పెడితే ఆ ఇంటివాళ్లే మట్టి ఎత్తుకోవాలి గానీ పక్కింటివాళ్లు వచ్చి ఎత్తుతారా? సణుగుతూనే ఊడుస్తుంది, ఎత్తిన మట్టిని మాత్రం ఒక్క రేణువు పారబోయదు. పెరట్లో బంతిమొక్కల మొదట్లో వేసి చేత్తో అదుముతుంది. అది కూతురి కాలికంటిన మట్టి.

రవిబాబుకి అరకు బజారులో మైకుసెట్లు అద్దెకిచ్చే కొట్టుంది. శృంగవరపుకోట దగ్గర పల్లెలో నాట్లకు వంగని నడుము, ఘాట్‌ ఎక్కి స్పీకరు బాక్సులు మోయడానికి మాత్రం బాగానే వంగిందని వాళ్ల నాన్న దెప్పేవాడు. పెళ్లిళ్లలో చెవులు చిల్లులు పడేలా మోగించే ఈ మనిషే, ఇంట్లో పాట వింటే మనుషులు పక్కన కూర్చుని పాడినట్టుండాలంటాడు. ఎవరి పిచ్చి వారికానందం.

అతని భార్య ఉమామహేశ్వరి కొండమీది ఊళ్లో అంగన్‌వాడీ టీచరుగా చేసేది. చైత్రమాసం పండగకి ఆ ఊళ్లో థింసా ఆడుతుంటే రవిబాబు ఖాళీ జాగా నడిమధ్యన రెండు మైకులు నిలబెట్టి రికార్డు చేశాడు. మైకులకు ఎదురుగా తుడుము డప్పు కొట్టేవాళ్లు, కొమ్ములు ఊదేవాళ్లు నిలబడ్డారు. ఆడవాళ్లు ఒకరి నడుం వెనక నుంచి ఒకరు చేతులు పెనవేసుకుని, మైకుల చుట్టూ గొలుసులా తిరిగారు. ‘టీచరమ్మా, నువ్వూ రా’ అని ఉమని లాగి వరస చివర కలిపారు. అడుగు కుదరక ఒక్కో చుట్టుకీ ఒక్కో చోట తడబడి, తనలో తనే నవ్వుకుంటూ తిరిగింది ఉమ. ఆ ఆషాఢంలోనే జ్వరం వచ్చింది. కొండ దించి విశాఖ చేర్చేలోపే పోయింది. కూతురు సుమకి అప్పటికి ఎనిమిదేళ్లు.

మొదట్లో ఇంట్లో ఉన్నవి అతని కుర్చీకి ముందు రెండు బాక్సులే. ఆ థింసా పాట పెట్టగానే ఆడవాళ్లు ఒక బాక్సు దగ్గర గదిలోకి వచ్చేవారు. కళ్లకు కనబడేవారు కాదు. అందెల చప్పుడు కుర్చీ ముందు నుంచి నడిచిపోయేది, గచ్చు మీద వరసగా అడుగులు పడేవి, చివరన తడబడే అడుగొకటి పడేది, నవ్వు వినిపించేది. రెండో బాక్సు దాటగానే అంతా ఆగిపోయేది. ఆట కుర్చీ వెనక్కి తిరిగే ఆ సగం చుట్టు అయ్యేదాకా రవిబాబు ఊపిరి బిగబట్టి కూర్చునేవాడు. మనిషన్నాక పోతే ఒక్కసారి పోవాలి గానీ, ఆదివారం ఆదివారం చుట్టుకోసారి పోతుంటే ఎవడు తట్టుకుంటాడు? అతను తట్టుకోలేకపోయాడు. కొట్లోంచి ఇంకో రెండు బాక్సులు మోసుకొచ్చాడు.

‘‘ఏటి సేత్తన్నావు బాబూ?’’ అంది అత్తగారు.

‘‘ఎనకాల కూడా బాక్సులు పెడతన్నానత్తా. అప్పుడు ఉమ గదంతా తిరుగుతాది.’’

‘‘ముందే సెప్పొద్దా? ఆ బియ్యం బస్తా జరిపేదాన్ని కదా. అసలే దానికి అడుగు కుదరదు. కాలికి తగిలి పడతాది.’’

పని పెద్దదేం కాదు. ముందు బాక్సులు రెండింటి ప్లస్ తీగల నుంచే వెనక బాక్సులకి లాగితే చాలు. రెండు పక్కలా ఒకేలా మోగేదంతా అక్కడ అణిగిపోతుంది, రెంటికీ తేడాగా మోగేదే వెనక పలుకుతుంది. తుడుము ముందువైపే ఉండిపోయింది. అందెలు వెనక నుంచి తిరిగి, మొదలైన చోటికే వచ్చాయి. కుర్చీ చుట్టూ ఎర్రమట్టి చుట్టు ఎక్కడా తెగకుండా పడింది. రవిబాబు మొహానికి తువ్వాలు కప్పుకుని చాలాసేపు ఏడ్చాడు. సుమ వచ్చి తువ్వాలు కిందనుంచి తొంగిచూసి, అతని ఒళ్లో కూర్చుంది.

ఆ పాటలో తుడుము కొట్టిన భీముడు, శుక్రవారం సంతకి దిగినప్పుడు ఓసారి వచ్చి విన్నాడు. తన దెబ్బ తనకే నచ్చక తల అడ్డంగా ఊపాడు.

‘‘బాగానే తెచ్చావు ఆటని,’’ అన్నాడు పోతూ పోతూ. ‘‘ఒకటి సెబుతాను ఇను. ఎప్పుడు ఆపినా ఆట నీ ఎదరకొచ్చాకే ఆపు. మా కాడ వరస తుడుం ముందుకి రాకండా మేం సెయ్యి ఆపం. మధ్యలో ఆపితే ఆడేవోళ్లు అక్కడే ఉండిపోతారు, మరి రారు. ఇంకోటి, సివరిదాని సెయ్యి కాళీగా ఉంటాది. ఎవులు ఆటలో కలవాలన్నా ఆ సెయ్యే పట్టుకోవాల. నీ కూతురు గుంటని సూసుకో.’’

అది ఉత్తి మాట కాదు. ఆ వారమే పక్కింటి యర్రమ్మ కోడిపెట్ట ఆట వెంట నడిచి వెళ్లిపోయింది. తర్వాత ప్రతి ఆదివారం అందెల చివర దాని కొక్కొక్కొ కూడా వినిపించసాగింది. ‘‘పోన్లే, ఉమ కాడే ఉంది కదా, గింజలేత్తాది,’’ అని యర్రమ్మ ఊరుకుంది.

ఉమ చెయ్యి పట్టుకోవాలని రవిబాబుకి లేదని కాదు. ఆట వెనక నుంచి వెళ్లేటప్పుడు మెడకి ఆమె కొంగు గాలి తగిలేది. ఒక్కసారి చెయ్యి వెనక్కి చాపితే అయిపోతుంది. ఈ ఒంటరి బతుకు, ఈ మైకుసెట్లు, అన్నీ వదిలిపోతాయి. సుమ ఒళ్లో ఉండబట్టి రెండు చేతులూ ఆ పిల్ల చుట్టూ వేసుకుని కూర్చునేవాడు. అతన్ని ఈ లోకంలో కట్టేసిన తాడు ఆ పిల్లే.

మరుసటి ఏడు శ్రావణంలో ఒక ఆదివారం బయట ముసురు పట్టింది. పాట పెట్టి కూర్చున్నాక ఒళ్లు ఖాళీగా ఉందని రవిబాబుకి తట్టింది. వంటింట్లో ఉందేమో అనుకున్నాడు. ఆట ముందునుంచి పోయి వెనక్కి తిరిగింది. ఎందుకో వెనక్కి చూశాడు. గది అవతలి చివర, రెండు బాక్సుల మధ్య సుమ నిలబడి ఉంది. చెయ్యి చాపింది. మడమ తాళానికి లేస్తోంది. ఒక కాలు అప్పుడే మట్టి అడుగుల్లో పెట్టేసింది.

లేచి పట్టుకుందామంటే మధ్యలో కుర్చీ, బస్తా, గదంతా దూరం. వెనక బాక్సుల తీగ మాత్రం చేతికి దగ్గర్లో ఉంది. లాగేశాడు.

వెనక బాక్సులు మూగబోయాయి. సుమ చాపిన చెయ్యి అలాగే ఉంది. రవిబాబు పరుగున వెళ్లి పిల్లని గుండెకి అదుముకున్నాడు. పిల్ల దక్కింది. అప్పుడు గుర్తొచ్చింది అతనికి, ఆట వెనక ఉండగా ఆపేశాడని.

ముందు తుడుము మోగుతోంది, కొమ్ములు ఊదుతున్నారు. అందెలు రాలేదు. తీగ మళ్లీ కలిపాడు. చుట్టు మీద చుట్టు పోయింది. గచ్చు మీద కొత్త అడుగు ఒక్కటీ పడలేదు. కోడి కూడా పలకలేదు.

అప్పలనరసమ్మ చీపురు పట్టుకుని వచ్చింది. గది చూసి, అల్లుడి మొహం చూసి, గడప దగ్గరే ఆగింది. అతనే చెప్పాడు.

‘‘నేనే తీగ లాగేశానత్తా. గుంట సెయ్యి సాపింది.’’

‘‘మంచి పని సేశావు బాబూ,’’ అంది ఆవిడ. ‘‘నీ కూతుర్ని నువ్వు దక్కించుకున్నావు.’’ ఆ తర్వాత గోడవార కూలబడి, చీపురు ఒళ్లో పెట్టుకుని, తన కూతురు కోసం రెండోసారి ఏడ్చింది. ఆమె కూతుర్ని రెండోసారి పంపేసింది తన చెయ్యే అని రవిబాబుకి తెలుసు. ఓదార్చడానికి అతనికి మొహం చెల్లలేదు.

ఆవిడ కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లాక సుమ తండ్రి చొక్కా పట్టుకుని లాగింది.

‘‘అమ్మ సెయ్యి ఇవ్వనేదు నానా.’’

‘‘ఏటమ్మా?’’

‘‘నేను పట్టుకోబోతే నా ఏళ్లు తోసేసింది. సెయ్యి ఎనక్కి తీసేసుకుంది. నువ్వు తీగ లాగక ముందే.’’

రవిబాబు పిల్ల చేతివేళ్లు పట్టుకుని చూశాడు. ఉమ అప్పటికే పిల్లని వెనక్కి పంపేసింది. అతను చెయ్యాల్సిందేమీ లేదు. కుర్చీలో ఊరికే కూర్చుని ఉంటే, ఆమె తడబడుతూ నవ్వుకుంటూ ముందుకొచ్చేది.

‘‘నేను సెయ్యి సాపకపోతే అమ్మ మళ్లీ వచ్చేదా నానా?’’ అంది సుమ.

‘‘నేదమ్మా,’’ అన్నాడు రవిబాబు. ‘‘అప్పటికే పాట అయిపోయింది.’’

ముందు బాక్సుల్లో తుడుము ఇంకా మోగుతూనే ఉంది. సుమ అటు చూసి, మళ్లీ తండ్రి కళ్లలోకి చూసి, అవునన్నట్టు తలూపింది.