దుంప ఊరని వేసవి

నేను ఒక ఇనప మూకుణ్ణి. ఇప్పుడు నన్ను చూస్తే మీరు ఆ మాట నమ్మరు లెండి. అడుగున ఐదు చిల్లులు, ఊడిపోయిన ఒక చెవి, ఒళ్ళంతా తుప్పు. తాడేపల్లిగూడెంలో పాత ఇనుము కొనే కొట్టు వెనక, విరిగిన ఫ్యాను రెక్కలకీ సైకిలు చట్రాలకీ మధ్య వెల్లకిలా పడి ఉన్నాను. వెల్లకిలా పడేశారు కాబట్టే నా కడుపులో గుప్పెడు మట్టి ఇంకా మిగిలింది. ఆ మట్టిలో ఏముందో ఆఖర్న చెబుతాను.

నేను పుట్టింది ఒరిస్సా అవతల, హైవే పక్కన ఒక కొలిమిలో. ముసలి కమ్మరీ, ఆయన కోడలూ ఎదురెదురుగా కూచుని ఒక పూటంతా బాదితే ఈ ఆకారం వచ్చింది. ఆవేళ టైరు పంక్చరై అక్కడ ఆగిన లారీ డ్రైవరు గంగాధరం నన్ను ఎత్తి, వేలితో కొట్టి, మోత విని, అటూ ఇటూ తిప్పి చూసి మరీ కొన్నాడు. పెళ్ళిచూపుల్లో కూడా ఆయన అంత శ్రద్ధగా చూడలేదని ఆయన భార్య సత్యవేణి తరవాత చాలాసార్లు దెప్పింది.

గంగాధరం బెంగాల్ నుంచి గూడెం మార్కెట్టుకి బంగాళాదుంపలు తోలేవాడు. మధ్యాహ్నం లారీ నీడన కిరసనాయిలు స్టవ్వు వెలిగించి, బస్తా కుట్టు దగ్గర వేలు దూర్చి నాలుగు దుంపలు లాగేవాడు. దొంగతనం అనకండి, ఆ వృత్తిలో దాన్ని తరుగు అంటారు. తొక్క తియ్యకుండా సన్నగా కోసి, సన్నని మంట మీద, మూత పెట్టకుండా, ఓపిగ్గా వేపేవాడు. ఉప్పు ఆఖర్న వేసేవాడు. ఆ వేపుడు వాసనకి పక్క లారీల వాళ్ళు పళ్ళేలు పట్టుకుని వచ్చేసేవారు. నాకు కొంచెం పొగరు ఎక్కిన మాట నిజమే.

పెళ్ళయ్యాక నన్ను ఇంటికి తెచ్చి సత్యవేణి చేతికి ఇచ్చాడు. మొదటిరోజే ఆవిడ వేపుడు మీద మూత పెట్టింది. ఆయన వచ్చి తీసేశాడు. ఆవిడ మళ్ళీ పెట్టింది. సాయంత్రం దాకా ఇద్దరికీ మాటల్లేవు. మనుషులు పెద్ద పెద్ద విషయాలు నవ్వుతూ సర్దుకుపోతారు గానీ మూత దగ్గర మాత్రం ఎవరూ తగ్గరు. చివరికి ఆవిడే తగ్గింది. తరవాత నా మీద ఆవిడ చెయ్యని దుంప వంటకం లేదు. వెల్లుల్లి కారం కొట్టి వేసిన వేపుడు, ఉల్లిపాయలు మగ్గబెట్టి చేసిన ముద్దకూర, అల్లం పచ్చిమిర్చి వేసి పూరీల్లోకి కూర, వాన పడితే బజ్జీలు. ఎండాకాలం వస్తే దుంపల్ని అప్పడాల్లా తరిగి, ఉప్పు నీళ్ళలో ఒక్క పొంగు రానిచ్చి, పాత చీర మీద ఎండబెట్టి, ఏడాది పొడుగునా నా నూనెలో వేయించేది. గంగాధరం ఎన్ని వందల మైళ్ళు తిరిగి వచ్చినా చెప్పులు విడవకముందే వంటింట్లోకి తొంగి చూసి, "దుంపలేనా?" అని అడిగేవాడు. దుంపలే.

తరవాత ఆయన మూత్రపిండాలు చెడిపోయాయి. నడుం నొప్పికి దారి పొడుగునా మింగిన మాత్రలే అలా చేశాయని డాక్టరు అన్నాడు. వారానికి రెండుసార్లు ఏలూరు వెళ్ళి రక్తం శుభ్రం చేయించుకోవాలి. తినకూడని వాటి జాబితా ఒకటి ఇచ్చి పంపారు. సత్యవేణి దాన్ని వంటింటి తలుపుకి అంటించింది. మొట్టమొదట ఉన్నది బంగాళాదుంప. దుంపలో ఉండే ఏదో లవణం ఒంట్లోంచి బయటికి పోదట, పెరిగితే గుండె ఆగిపోతుందట. ఎప్పుడైనా తినాలని మరీ ప్రాణం లాగితే చిన్న ముక్కలు కోసి, బోలెడు నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు వార్చేసి, మళ్ళీ ఉడికించి, మళ్ళీ వార్చి అప్పుడు తినాలట.

ఒకసారి ఆవిడ అలాగే చేసిపెట్టింది. గంగాధరం పళ్ళెంలోకి చూసి, "దుంప ప్రాణమంతా నీళ్ళతో పోయింది, ఈ పిప్పి నాకెందుకే," అని పక్కకి నెట్టేశాడు. ఆ రోజు నుంచి ఆయనకి ముద్ద దిగడం తగ్గిపోయింది. నాలుగు మెతుకులు కెలికి లేచిపోయేవాడు. డ్రైవరు భుజాలు కరిగి చొక్కా కొక్కేనికి తగిలించినట్టు అయిపోయాడు. సత్యవేణికి ఇంక వేరే కోరిక లేదు. ఆయన ఒక్కపూట ఇష్టంగా కడుపునిండా తినాలి, తిన్నందుకు ఏమీ కాకూడదు. అంతే.

ఏలూరు ఆసుపత్రిలో పక్క మంచం రోగి అక్క ఒకామె ఆవిడ చెవిలో ఒక మాట వేసింది. ఆ దోషం మందులు కొట్టి పండించి, కోల్డ్ స్టోరేజీలో నిలవపెట్టిన దుంపలదేనట. ఇంట్లో పేడ ఎరువుతో పండించిన దుంప ఏమీ చెయ్యదట. డాక్టర్ని అడుగుదామని సత్యవేణికి తోచలేదు. తోచినా అడిగేది కాదనుకుంటాను. డాక్టరు కాదంటే ఆవిడకి ఇంకేం మిగులుతుంది?

శివరాత్రి వెళ్ళిన వారానికి ఆవిడ మేకూ సుత్తీ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. అప్పటికి నేను అటక మీద ఉన్నాను. "నా మూకుట్లోనే వెయ్యి, అది దుంపల్ని ఎరుగును," అని గంగాధరమే అన్నాడు. ఐదు చిల్లులు పొడిచింది. నొప్పి సంగతి అలా ఉంచండి, ఇంక ఈ జన్మకి పొయ్యి ఎక్కనని అర్థమై నా ప్రాణం ఉసూరుమంది. నాలో మట్టి లోతు చాలదని సిమెంటు సంచి కత్తిరించి నా అంచు చుట్టూ గోడలా నిలబెట్టి, పశువుల ఎరువూ బూడిదా కలిపిన మట్టి నింపి, మొలక వచ్చిన దుంప ముక్కలు మూడు పాతిపెట్టింది.

వాళ్ళది అద్దె ఇల్లు. వంటింటి కిటికీకీ ప్రహరీ గోడకీ మధ్య మూడడుగుల ఖాళీ ఉండేది. ఆ వేసవిలో సత్యవేణి అందులోనే బెండ వేసింది, తోటకూర చల్లింది, గోడ మీదికి కాకర పాదు పాకించింది. ఎండకి పాత చీరలు పైన పందిరిలా కట్టింది. పొద్దెక్కకముందు ఒకసారి, పొద్దు వాలాక ఒకసారి నీళ్ళు. బియ్యం కడిగిన నీళ్ళు మాత్రం నాకే. అన్నీ బతికాయి. నాలో మొక్క అన్నిటికంటే ఏపుగా, మోకాలెత్తు లేచింది. ఆవిడ రోజూ ఆ ఆకులు నిమిరి మురిసిపోయేది.

నాకు మాత్రం భయం వేసింది. ఏప్రిల్ ఎండకి ఇనుము ఎలా కాలుతుందో మీకు తెలుసు. జీవితమంతా దుంపల్ని వేపినదాన్ని, ఇప్పుడు మట్టి కప్పుకుని మళ్ళీ అదే పని చేస్తున్నానని నాకు తెలుస్తూనే ఉంది. ఆవిడ తడిపిన గోనెపట్టా చుట్టబెట్టేది. అది గంటలో ఆరిపోయేది.

గంగాధరం పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూచునేవాడు. ఒకనాడు ఆవిడ ఇంట్లో లేనప్పుడు నాతోనో మొక్కతోనో అన్నాడు: "పాతికేళ్ళు దుంపలు మోసినోణ్ణి. కార్తీకంలో వేసి మాఘంలో తవ్వాలి. చలి లేందే దుంప ఊరదు. పిచ్చిది, ఎండల్లో వేసింది. ఆకే వస్తది." మళ్ళీ తనే అన్నాడు: "నీళ్ళు పోసినంతసేపైనా దాని మొహం బాగుంటుంది. అందుకే చెప్పలేదు."

తొంభై రోజులు కేలండరులో గీతలు పెట్టుకుంది సత్యవేణి. మే నెలాఖరుకి ఆకులు పసుపెక్కి వాలిపోయాయి. అవి పండి వాలాయనుకుంది, నిజానికి ఎండకి చచ్చిపోయాయి. తవ్వే రోజు ఆదివారం. పొద్దున్నే ఆవిడ రేషను కొట్టుకి వెళ్ళగానే గంగాధరం వీధిలో కూరగాయల తోపుడు బండిని ఆపి, చిన్న దుంపలు ఏరుకున్నాడు. గోడ పట్టుకుని, ఆయాసపడుతూ పెరట్లోకి వచ్చాడు. ఒక్కోదానికీ మట్టి పులిమి నాలో కూరి పైన చదును చేశాడు. మొత్తం పదకొండు. ఆ పని చెయ్యడానికి ఆయనకి అరగంట పట్టింది.

ఆవిడ వచ్చి తవ్వింది. మొదటి దుంప చేతికి తగలగానే మట్టితోనే కళ్ళకి అద్దుకుంది. కొంగులో వేసుకుంటూ పోయింది. ఆఖరిదాన్ని బొటనవేలితో రుద్ది, "వీటికి వేళ్ళు లేవేంటండీ?" అంది.

"తవ్వేటప్పుడు తెగి ఉంటయ్యి," అన్నాడాయన.

ఆవిడ కొంగు మూటగట్టుకుని లేచింది. వంటింటి గడప దగ్గర నిలబడి, తలుపు మీది కాగితం వైపు చూసి, "ఉడకబెట్టి వార్చేదా?" అని అడిగింది. ఆయన, "మనింట్లో పండినయ్యి కూడానా సత్యా," అన్నాడు. ఆ మాటకి ఆవిడ కాగితం మీంచి కళ్ళు తిప్పేసుకుంది.

నాకు చిల్లులు పొడిచారు కాబట్టి నాన్‌స్టిక్ పెనంలో వేపింది. తొక్క తియ్యలేదు, మూత పెట్టలేదు, ఉప్పు ఆఖర్న వేసింది. కిటికీలోంచి ఆ వాసన వస్తుంటే నా ఒళ్ళు జలదరించింది. గంగాధరం మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. మన మూకుట్లో అయితే ఇంకోలా ఉండేదని కూడా అన్నాడట. ఆవిడ వడ్డించడం మానేసి తలుపు పట్టుకుని చూస్తూ నిలబడిపోయింది. ఆరు నెలల తరవాత ఆ ఇంట్లో పళ్ళెం ఖాళీ అయింది.

మర్నాడు పొద్దున ఏలూరు వెళ్ళాలి. ఆటో వచ్చి హారన్ కొట్టింది. చెప్పు వేసుకోవడానికి వంగిన మనిషి అలాగే గుమ్మం మీద కూలిపోయాడు. గుండె ఆగిందన్నారు. దుంపలే ఆపాయో, ఎలాగూ ఆగేదే ఆగిందో నాకు తెలియదు. ఆయన ఆవిడ సంతోషం కోసమే పాతాడో, తినాలన్న కక్కుర్తితో పాతాడో, ఇంక చాలనుకుని పాతాడో అదీ తెలియదు. నాకు తెలిసింది ఒక్కటే, ఆ దుంపలు నాలో పుట్టలేదు.

పరామర్శకి వచ్చిన ప్రతివాళ్ళతోనూ సత్యవేణి ఒకటే మాట అనేది. "నా చేత్తో పండించినవే ఆఖర్న తిన్నారు. ఆ తృప్తి ఒక్కటి మిగిలింది." ఆ మాట అన్నాక ఆవిడకి కాస్త ఊపిరి ఆడేది. నాకు నోరు లేనందుకు నేను మొదటిసారి సంతోషించాను.

పెద్దకర్మ అయిన వారానికి తోపుడు బండి అతను గేటు ముందు ఆగాడు. పాపం, మంచివాడే. ఓదార్పుగా ఏదో అనాలని, "అయ్యగారు ఆ ఆదివారం కూడా పలకరించారమ్మా. దుంపలు చిన్నవే కావాలని ఒక్కోటీ ఏరుకున్నారు," అన్నాడు.

సత్యవేణి గేటు మూసేసింది. లోపలికి వచ్చి, పెరట్లో నా ముందు చతికిలబడింది. చాలాసేపటికి, "వేళ్ళు లేవని చూశాను కదా," అంది. మళ్ళీ కాసేపటికి, "వార్చి ఉంటే ఆ లవణం నీళ్ళతో పోయేది," అంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. వంటింటి తలుపు మీది కాగితం మాత్రం చింపలేదు. ఇప్పటికీ అక్కడే ఉండి ఉంటుంది. బెండకీ తోటకూరకీ ఆ పూట నుంచి నీళ్ళు లేవు. నాలుగో రోజున పాత సామాన్ల బండి పిలిచి, మట్టి కూడా పూర్తిగా దులపకుండా నన్ను ఇచ్చేసింది.

మొన్న తొలకరి వాన పడింది. నా కడుపులో మిగిలిన మట్టి కొంత కొట్టుకుపోయి, అడుగున చిల్లు దగ్గర ఇరుక్కుని ఒక దుంప బయటపడింది. రేగుగింజంత ఉంది. సన్నని వేరు ఇంకా వేలాడుతోంది. ఆ వేసవి మొత్తానికి సత్యవేణి నిజంగా పండించింది ఇదొక్కటే. తవ్వినప్పుడు ఆవిడ వేళ్ళకి తగల్లేదు. ఎండ తగిలి దీని తొక్క పచ్చబడుతోంది. పచ్చబడ్డ దుంప తినకూడదని, విషమని గంగాధరం అంటుండేవాడు.

పాత ఇనుము కరిగించే చోటికి తీసుకెళ్ళే లారీ రేపు వస్తుందట. మేమిద్దరం కలిసే వెళతాం.