గెలిచినవాళ్ల డ్యూటీ

మా అధ్యక్షులు మాస్టారికి తుంటి ఆపరేషన్ కావడంతో మా తెరచాప పడవల క్లబ్బు నా నెత్తిన పడింది. అందరూ జాలిపడ్డారు గానీ నేను మాత్రం ఎగిరి గంతేశాను. పదిహేనేళ్లుగా లిఫ్టులు బాగుచేస్తున్నదాన్ని. రెండంతస్తుల మధ్య ఇరుక్కుని కేకలు వేసేవాళ్లతో మాట్లాడీ మాట్లాడీ, జనాన్ని దారికి తేవడం నాకు బాగా అలవాటైంది. మాది జీతాలూ నౌకర్లూ లేని క్లబ్బు. పడవలకు రంగులు వేసేదీ మేమే, గచ్చు ఊడ్చేదీ మేమే. మాస్టారు తాళాల గుత్తి చేతిలో పెట్టిన వారంలోనే షెడ్డు కప్పు చిల్లులు పూడ్పించాను, చిరిగిన తెరచాపలు కుట్టించాను.

ఒక్కచోటే చిక్కొచ్చింది. ఆదివారం పందెంలో ఎవరి పడవైనా బోల్తా పడితే వెళ్లి ఆదుకోవడానికి ఒక మోటారు బోటు ఉంటుంది. అది నీళ్లలో లేకుండా పందెం పెట్టకూడదు. దాన్ని అధ్యక్షుడే తోలాలని మా ఆనవాయితీ. మాస్టారు తొమ్మిదేళ్లు దాన్నే తోలారు, ఒక్క పందెంలోనూ దిగలేదు. నేనేమో నాలుగేళ్లుగా అందరికంటే ముందు వస్తున్నదాన్ని. తెరచాప గాలి నింపుకుని పడవ ఒక పక్కకు ఒరిగే ఆ క్షణం కోసమే వారమంతా గ్రీజు మరకలతో బతుకుతాను. అది వదులుకోమంటే ఈ పదవి నాకొద్దు.

మోటారు బోటుకు వంతులు, పేర్లు రాయండి అని నోటీసు బోర్డు మీద కాగితం అంటించాను. వారమైనా ఒక్క పేరు లేదు. నాకసలే ముక్కు మీద కోపం. మీటింగులో లేచి నిలబడ్డాను.

"ఈ వారం పందెం గెలిచినవాళ్లు వచ్చే వారం మోటారు బోటు తోలాలి. మాస్టారు ఉండగా జరిగిన ఆఖరి పందెం గెలిచింది నేనే కాబట్టి మొదటి వంతు నాది."

అందరూ బల్లలు చరిచారు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆదివారం గాలి బ్రహ్మాండంగా వీచింది. ఈ ఒక్క వారమే కదా అనుకుంటూ మోటారు బోటులో కూర్చున్నాను. ఆఖరి మలుపు తిరిగి పళ్ల డాక్టరు, బేకరీ ఆయన పక్కపక్కనే దూసుకొచ్చారు. గెలుపు గీత ఇంకో పది గజాలుందనగా ఇద్దరూ ఒక్కసారే తాళ్లు వదిలేశారు. తెరచాపలు టపటపా కొట్టుకుంటున్నాయి, పడవలు మాత్రం కదలడం లేదు.

"మీరు పదండి డాక్టరుగారూ," అన్నాడు బేకరీ ఆయన.

"అబ్బే, పెద్దవారు మీరుండగా నేనా?"

వెనక వచ్చినవాళ్లదీ అదే పని. చూస్తుండగానే పది పడవలు, లిఫ్టు తలుపు దగ్గర మర్యాదలకు పోయేవాళ్లలా గీత ముందు ఆగిపోయాయి.

"సిగ్గులేదూ మీకు? కదలండి!" అని మైకులో అరిచాను.

"గాలి లేదండీ," అన్నాడు డాక్టరు, ఎగిరిపోతున్న టోపీని రెండు చేతులా పట్టుకుంటూ.

ఒళ్లు మండింది. అంతకుమించి భయం వేసింది. ఎవరూ గెలవకపోతే వచ్చే వారం నేనే, ఆ పై వారమూ నేనే.

అప్పుడు అందరి వెనక నుంచి మా వదిన పడవ వచ్చింది. మా అన్నయ్య భార్య, లైబ్రరీలో పనిచేస్తుంది. పదేళ్లుగా ప్రతి పందెంలోనూ ఆఖరు. ఆవిడ ఒడ్డు చేరేసరికి మా టీలు అయిపోయేవి. అలాంటిది ఎవరినీ పలకరించకుండా ఆ రెండు పడవల సందులోంచి తిన్నగా వచ్చి గీత దాటేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. వదిన పడవను నా పక్కకు తెచ్చి, మోటారు బోటు అంచు పట్టుకుంది.

"వచ్చే వారం ఇది నాదేగా?"

"నీదే. పాపం, ఇరుక్కుపోయావు వదినా."

"ఇరుక్కోవడమేంటి? దీన్ని తోలాలని ఎప్పట్నుంచో ఉంది నాకు."

"మరి కాగితం మీద పేరు రాయలేదేం?"

"ఆఖర్న వచ్చేదాన్ని, నన్ను నమ్మి ఎవరిస్తారులే అనుకున్నా. కానీ ఒక్కటి చెప్పనా? వెనక ఉండేది నేను. ఎవరు నీళ్లలో పడ్డా ముందు నాకే కనిపిస్తారు. మాస్టారు వచ్చేదాకా ఆగి, తాడు అందిస్తూ ఉంటాను. అందుకే ప్రతిసారీ ఆలస్యం."

పదేళ్లుగా ఆవిడ నెమ్మదిని చూసి నవ్వినవాళ్లలో మొదటిదాన్ని నేనే. నిజంగా సిగ్గేసింది. అలాగని అధ్యక్షురాలు సిగ్గుపడుతూ కూర్చుంటే పని జరగదు. మైకు అందుకున్నాను.

"నేను పెట్టిన రూలు రద్దు. ఇవాళ్టి నుంచి మోటారు బోటు మా వదినది. ఆవిడ రాని వారం నాది."

ఆ మాట చెవిన పడగానే డాక్టరు, బేకరీ ఆయన తాళ్లు బిగించి రెండో స్థానం కోసం కొట్టుకున్నారు.

మరుసటి ఆదివారం నేను పందెంలోకి దిగాను. అందరికంటే ముందున్నాను. మలుపు దగ్గర వెనకెక్కడో ధబ్బుమని చప్పుడైంది. నాలుగేళ్లలో మొదటిసారి తల తిప్పి చూశాను. బోల్తా పడిన పడవ పక్కన వదిన అప్పటికే తాడు విసురుతోంది. తల తిప్పినందుకు నాకు మూడో స్థానం వచ్చింది.