ముందు చక్రాల మీద నలుపు

పాప పాత చొక్కా ఒకదాన్ని సబ్బునీళ్ళలో ముంచి, ఆ తల్లి కారు ముందు చక్రాలు మళ్ళీ తుడిచింది. మొన్ననే తళతళలాడించిన చక్రాలు అప్పుడే పొయ్యిలోంచి తీసినట్టు నల్లబడ్డాయి. వెనక చక్రాలకు మాత్రం ఏ రోగమూ లేదు.

దూరాన పని చేసే భర్తకు ఫోనులో చెబితే, "ఇంకో రిపేరంటే అమ్మేద్దాం. బస్సులున్నాయిగా," అన్నాడు. బస్సెక్కితే పాపకు వాంతులు. ఆ కారు ఉండబట్టే తల్లీకూతుళ్ళు అప్పుడప్పుడైనా గడప దాటుతున్నారు. అదీ పోతే ఇక మాట్లాడుకోవడానికి గోడలే దిక్కు.

పాపను వెనక సీట్లో కూర్చోబెట్టి, బెల్టు రెండుసార్లు లాగి చూసి, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని మెకానిక్ షెడ్డుకు నడిపింది.

ముసలి మెకానిక్ చక్రం విప్పి, లోపలి పొడి వేలికి రాసుకుని చూశాడు.

"ఇది రోడ్డు దుమ్ము కాదమ్మా. బ్రేకు ప్యాడ్లు అరిగి రాలిన పొడి. కొంచెం రాలడం మామూలే, మరీ ఇంతా? బ్రేకు పట్టేసిందేమో అనుకున్నా. అదీ కాదు, చక్రం రంగులరాట్నంలా తిరుగుతోంది. బండి ఎవరు నడుపుతారు?"

"మా ఆయన," అంది. ఎందుకలా అందో ఆమెకే తెలియలేదు.

"భయస్థుడా?"

"కాస్త."

"కాస్తేంటి, చీమ అడ్డొచ్చినా ఆగే మనిషిలా ఉన్నాడు. ఓసారి తీసుకురండి, పక్కన కూర్చుని చూస్తా. ఊరికే ప్యాడ్లు మారిస్తే కొత్తవీ ఇలాగే అరుగుతాయి. మళ్ళీ ఇక్కడికే వస్తారు."

మళ్ళీ రావడమంటే కారు పోయినట్టే. ఆమె తాళాల గుత్తిని వేలికి తిప్పి తిప్పి ఆపింది.

"ఆయన ఇక్కడ లేరండీ. నడిపేది నేనే."

ముసలాయన నవ్వలేదు. ప్యాడ్లు మార్చి, చక్రాలు బిగించి, చేతులు తుడుచుకుని ముందు తలుపు తెరిచాడు. ఆ సీటు నిండా తువ్వాళ్ళు, పాలసీసా, బొమ్మ కుందేలు. అన్నీ వెనక్కి చేరాక కూర్చున్నాడు. పాప అప్పటికే నిద్రపోయింది.

వీధి మలుపు రాకముందే కనిపెట్టేశాడు.

"రెండు కాళ్ళతో నడుపుతున్నారేంటమ్మా? గేర్లు మార్చే పనిలేని బండిలో ఎడమకాలికి ఉద్యోగమే లేదు. దాన్ని తెచ్చి బ్రేకు మీద కాపలా పెట్టారా?"

"ఆగదేమోనని. వెనక పాప ఉంటుంది కదా."

"అస్తమానం తొక్కిపట్టి ఉంచితే బ్రేకు వేడెక్కి, అవసరమైనప్పుడే మొరాయిస్తుంది. రెండు పనులూ కుడికాలివే. ఎడమకాలికి సెలవిచ్చేయండి."

ఆమె ఎడమకాలు పక్కకు తీసింది. కారు ఒక్కసారిగా తేలికైంది. ఆమె స్టీరింగును ఇంకా గట్టిగా పట్టుకుంది.

"ఇప్పుడు తొక్కనా?"

"ఎందుకూ? ఎదురుగా ఎవరున్నారు?"

"ఇప్పుడు?"

"ఊహూ."

ఇంకో రెండు వీధులు తిరిగితే బాగుండుననిపించింది ఆమెకు. షెడ్డు వచ్చేసింది.

"బండికి జబ్బేం లేదని చెప్పండి మీ ఆయనకి," అని ఆయన దిగిపోయాడు.

ఇంటి దారిలో పక్క సీటు ఖాళీగానే ఉంది. తువ్వాళ్ళు మళ్ళీ అందులో వేయబుద్ధి కాలేదు. దూరంగా సిగ్నల్ ఎర్రబడింది.

"ఇప్పుడు తొక్కనా?" అంది పైకే.

జవాబు కోసం ఒక్క క్షణం చూసి, కుడికాలితో తొక్కింది. కారు గీతకు చాలా ఇవతలే నిలబడింది. వెనకవాడు విసుగ్గా హారన్ కొట్టాడు.