పదింటి నిద్ర

మా ఆయన ఛాతీలోంచి తీసిన పేస్‌మేకర్‌ను ఎనిమిది నెలలు ఆయన కళ్లజోడు పెట్టెలోనే దాచుకున్నాను. దాచుకున్నానని మర్యాదగా చెబుతున్నాను గానీ, మా కూతురు మాత్రం "నొక్కేశావు" అంటుంది. దాని మాటే నిజం. తాను పోయాక దాన్ని తీసి, డబ్బుల్లేని దేశంలో ఎవరికైనా అమర్చమని ఆయన బతికుండగానే కాగితం మీద సంతకం పెట్టారు. దహనానికి ముందు ఆస్పత్రి వాళ్లు తీసేశారు. లోపల బ్యాటరీ ఉంటుందట, మంటల్లో పడితే పేలుతుందట. "మేమే పంపిస్తాం" అన్నారు. "మీకెందుకు శ్రమ, నేను పంపిస్తాలెండి" అని చెయ్యి చాపాను. చూస్తే మగవాళ్ల చేతి గడియారమంత కూడా లేదు.

వాటిని పోగుచేసే చోటు మా ఊళ్లోనే ఉంది. అక్కడ పరీక్షలు చేసే అమ్మాయి నెలకోసారి ఫోన్ చేసేది. నేను నెలకో అబద్ధం చెప్పేదాన్ని. మోకాలు నొప్పి అన్నాను. చుట్టాలొచ్చారన్నాను. ఒకసారైతే పెట్టె ఎక్కడ పెట్టానో కనబడటం లేదన్నాను. అప్పుడది నా దిండు కిందే ఉంది.

"అమ్మా, అది పెట్టెలో ఉన్నా కొట్టుకుంటూనే ఉంటుంది. బ్యాటరీ తరిగిపోతుంది. కనీసం నాలుగేళ్లకి సరిపడా ఉంటేగానీ ఇంకొకరికి పెట్టలేం" అని ఆ అమ్మాయి పాపం తొందరపెట్టడానికే చెప్పింది. కొట్టుకుంటూనే ఉంటుందని విన్నాక నాకు ఇవ్వబుద్ధి పుడుతుందా?

పోయిన నెల మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి గొంతులో బతిమాలడం లేదు. "ఒకావిడ ఎదురుచూస్తోందమ్మా. దర్జీ పని చేస్తుంది, ఇద్దరు పిల్లలు. కుట్టుమిషన్ ముందే పడిపోతోంది. ఆమెకి సరిపడే రకం ఇప్పుడు మీ దగ్గరున్నదొక్కటే. వచ్చేవారం మా డాక్టర్లు అక్కడికి వెళ్తున్నారు" అంది.

ఆ రోజంతా అన్నం సయించలేదు. ముఖం తెలియని ఆ దర్జీ మీద ఒళ్లుమండింది. ఇన్ని గుండెలుండగా మా ఆయనదే కావాల్సి వచ్చిందా అనిపించింది. మర్నాడు నా మీద నాకే ఒళ్లుమండింది.

పోస్టులో పంపమన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆయన ఏనాడూ ఒక్కరే వెళ్లి ఏ అడ్రసూ కనుక్కున్న మనిషి కాదు. నేనే తీసుకెళ్లాను.

మూడో అంతస్తులో రెండు గదులు. మొదటి గదిలో ఇద్దరు ఆడవాళ్లు చిన్న బ్రష్షులతో పేస్‌మేకర్లను తోముతున్నారు. గదంతా స్పిరిట్ వాసన. రెండో గదిలో పరీక్ష. బల్ల మీద నీలం ట్రే ఒకటి, ఎర్ర ట్రే ఒకటి. గోడ మీద పెద్ద అక్షరాలతో "అనుమానం వస్తే ఎర్ర ట్రే" అని రాసి ఉంది.

ఆ అమ్మాయి నేననుకున్నంత చిన్నది కాదు, నలభైకి దగ్గర. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, పెట్టెలోంచి దాన్ని తీసి రెండు తీగలు తగిలించింది. యంత్రం టక్, టక్ అనడం మొదలుపెట్టింది.

"అదేనా?" అన్నాను.

"అదేనమ్మా. నిమిషానికి అరవై."

ఆయన గుండె మీద చెవి పెట్టి విన్న రోజులున్నాయి. ఆ మాట ఆ అమ్మాయికి చెప్పలేదు. బ్యాటరీ చూసి ఆరేళ్లు ఉందంది. ఇక అరగంట పాటు ఆ టక్కులు ఒక్కలాగే ఉంటే చాలంది. గోడ గడియారంలో తొమ్మిదిన్నర.

అరగంట నేను కదల్లేదు. ఇంకాసేపట్లో అన్నీ తెమిలిపోతే ఆయన్ని వదిలి ఇంటికి ఎలా వెళ్లనా అని మాత్రం అనుకుంటున్నాను.

సరిగ్గా అప్పుడు టక్కుల మధ్య ఎడం పెరిగింది. ఆ అమ్మాయి కుర్చీ ముందుకు జరుపుకుంది. యాభై ఎనిమిది. యాభై అయిదు. యాభై. అక్కడే ఆగింది. ఇంకో అయిదు నిమిషాలు చూసి, ఎర్ర ట్రే దగ్గరికి లాక్కుంది.

"ఏమైంది?"

"తగ్గిపోయిందమ్మా. ఎందుకు తగ్గిందో తెలీని దాన్ని ఒక మనిషి లోపల పెట్టలేం."

"పనికిరానివాటిని ఏం చేస్తారు?"

"తుక్కులోకి పంపేస్తాం. మీరు కావాలంటే ఇంటికి తీసుకెళ్లండి, పర్లేదు."

సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు పట్టరాని సంతోషం కలిగింది. ఇవ్వననలేదు. తెచ్చాను. వాళ్లే వద్దన్నారు. ఇక జన్మంతా నా దిండు కిందే. పెట్టె మూత తెరిచి చెయ్యి చాపబోతూ గడియారం వైపు చూశాను. పది దాటింది.

పదింటికేమిటో నాకు తెలుసు. ఈ లోకంలో ఇంకెవరికీ తెలీదు.

నోరు తెరవకపోతే ఆయన నాతో ఇంటికి వస్తారు. టక్కులు లెక్కపెడుతూ కూర్చున్నాను. కుట్టుమిషన్ ముందు పడిపోయే ఆవిడ కళ్లముందు మెదిలింది. ఆమెను లేపడానికి ఇద్దరు పిల్లలు ఎటునుంచి పట్టుకుంటారో అనుకున్నాను. ఆయన మొదటిసారి వంటింట్లో పడిపోతే లేపడానికి నాకు పట్టు దొరకలేదు.

"అది చెడిపోలేదమ్మాయ్," అన్నాను. "ఆయన పడుకున్నారు."

ఆ అమ్మాయి నావైపు జాలిగా చూసింది. మొగుడు పోయినవాళ్లు మాట్లాడే మాటలు ఆమె చాలా విని ఉంటుంది. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"నాకేం మతి పోలేదు. ఆయన పేపరు అచ్చేసే ప్రెస్సులో మిషన్ మీద పనిచేశారు, ముప్పై ఒక్క ఏళ్లూ రాత్రి డ్యూటీయే. పొద్దున్నే వచ్చి స్నానం చేసి పదింటికి పడుకుంటే మళ్లీ సాయంత్రం అయిదింటికి లేవడం. ఇది పెట్టిన కొత్తల్లో పగలు దడదడమంటోంది, నిద్ర పట్టట్లేదన్నారు. నిద్రప్పుడు నెమ్మదించేలా డాక్టరు టైము పెట్టాడు. ఎప్పుడు పడుకుంటారని అడిగితే చెప్పింది నేనే."

ఆమె లేచి ఇంకో యంత్రం దగ్గరికి వెళ్లింది. తెర మీద వరసగా అంకెలు వచ్చాయి. వేలు పెట్టి చదివింది. "నిద్ర వేళ, ఉదయం పది నుంచి సాయంత్రం అయిదు." మళ్లీ చదివింది. "ఇన్నేళ్లలో ఇలాంటిది నేను చూడలేదమ్మా. మామూలుగా ఈ అంకెలు పాసైనవాటికే తీసి చూస్తాం. మీరు రాకపోతే ఇది తుక్కులోకి పోయేది."

ఎర్ర ట్రేని పక్కకి జరిపింది.

"ఇప్పుడు ఆయన పేరూ వివరాలూ చెరిపేయాలి. టైములు కూడా కంపెనీ పెట్టినవే వచ్చేస్తాయి."

"అవేమిటి?"

"రాత్రి పదికి నిద్ర, పొద్దున ఆరింటికి మెలకువ. అందరిలాగే."

నవ్వొచ్చింది, దాని వెంటే ఏడుపూ వచ్చింది. ముప్పై ఒక్క ఏళ్లూ నేను అడిగింది అదొక్కటే. నగలడగలేదు, ఊళ్లు తిప్పమనలేదు. రాత్రిపూట అందరి మొగుళ్లలాగా ఇంట్లో పడుకోమన్నాను. వచ్చే ఏడాది పగటి డ్యూటీ అడుగుతాననేవారు. ఆ వచ్చే ఏడాది రాలేదు. మంచంలో ఆయన వైపు పొద్దున పదింటిదాకా చల్లగానే ఉండేది. ఇప్పుడది నేర్చుకుంటుందట, ఒక్క మీట నొక్కితే. నేర్చుకుని పరాయి దేశం వెళ్లి ఇంకెవరి మంచంలోనో పడుకుంటుందట.

"నొక్కనా అమ్మా?"

"ఆగు. ఇంకో అయిదు నిమిషాలు పడుకోనీ."

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇద్దరం అలికిడి చేయకుండా కూర్చున్నాం. పక్క గదిలో ఎవరో గిన్నె చప్పుడు చేస్తే అలవాటుగా "ష్" అన్నాను. టక్కులు నిమ్మళంగా వినబడుతున్నాయి. తర్వాత నేనే తల ఊపాను.

తెర మీద ఆయన పేరు పోయింది. కాసేపటికి టక్కులు మళ్లీ దగ్గర దగ్గరయ్యాయి, అరవైకి వచ్చాయి. పట్టపగలు, పదిన్నరకి. ఆ వేళకి ఆయన మేలుకుని ఉండగా నేను ఎప్పుడూ చూడలేదు.

నీలం ట్రేలో నేనే పెట్టాను. ఖాళీ పెట్టె చేత్తో పట్టుకుని మెట్లు దిగాను.

ఆపరేషన్ బాగా జరిగిందని, ఆవిడ మళ్లీ మిషన్ తొక్కుతోందని మొన్న ఫోన్ వచ్చింది. నేనిప్పుడు రోజూ పదింటికల్లా దీపం ఆర్పేస్తున్నాను. అదీ అప్పుడే పడుకుంటుంది కదా. వాళ్ల దేశంలో పదంటే మనకెంతవుతుందో ఆ అమ్మాయిని అడగలేదు. అడగను కూడా.